రైలుపట్టా గంట

1981 మార్చి నాలుగు, బుధవారం. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు, శెనగవిత్తనాలు నూరిన ఊరిబిండి పచ్చడి. మా నలభై దినాల శ్రమకాలం మొదలైంది ఆరోజే. ఇక ఈస్టరు దాకా మాంసం మాట ఎత్తొద్దని హన్నమ్మత్త ముందురోజే చెప్పేసింది. రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంటుండగా సందులో తోపుడుబండి చప్పుడైంది. చేయి కడుక్కోకుండానే బయటికి వచ్చాను.

బండి మీద రైలుపట్టా ముక్క ఉంది. మూరెడు కంటే కాస్త ఎక్కువ పొడవు, ఒక కొసన బెజ్జం. నంద్యాలలో మేముండే సందు చివర ఒక పత్తి మిల్లు ఉండేది. భాగస్తులు కొట్లాడుకోవడంతో దీపావళికి ముందే దానికి తాళం పడింది. సామానంతా పాత ఇనుము కింద అమ్ముతున్నారని తెలిసి, గేటు దగ్గర గంటగా వేలాడిన ఆ ముక్కను నేను కొన్నాను. సందులోని మా చర్చిలో పాత గంట పగిలిపోయి చాలా కాలమైంది. పోయిన ఏడాది చనిపోయిన నా భార్య శాంతమ్మ పేరు మీద దీన్ని చర్చికి ఇవ్వాలని నా కోరిక.

బండి తోసుకొచ్చింది బాలస్వామి. ఆ మిల్లుకు వాచ్‌మన్‌గా చేసినవాడు. పట్టా మీది దుమ్మును తువ్వాలుతో తుడుస్తూ, "ఇన్నేండ్లు నాకు కూడు పెట్టింది సారూ ఇది" అన్నాడు.

బండి వెనకాలే రెండు కుక్కలు వచ్చి నిలబడ్డాయి. ఒకటి ఎర్రది, ఒకటి చెవి తెగిన నల్లది.

"మీ కుక్కలా?" అన్నాను.

"మిల్లువి సారూ. నన్ను ఇడిసి ఉండలేకపోతాండాయి. ఏం చేద్దును, రేపు నేను జూపాడు బంగ్లాకు పోతాండా, కొడుకు తావకు."

చర్చి ముందున్న వేపచెట్టుకు పట్టాను వేలాడదీశాం. పాస్టరు దేవదానం అయ్యగారు ఇనుప కడ్డీతో మొదటి దెబ్బ కొట్టారు. సన్నని మనిషి ఆయన. అంత సన్నని చేతికి అంత శబ్దం వస్తుందని ఆయనే అనుకోలేదు, ఒక అడుగు వెనక్కి వేశారు. ఆ మోత సందు దాటి, మిల్లు గోడ దాటి ఎక్కడికో పోయింది.

శాంతమ్మ తల్లి హన్నమ్మత్త పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఇంటికి వచ్చేటప్పుడు అంది: "నా బిడ్డ ఎప్పుడూ గుసగుసగానే మాట్లాడేది. గట్టిగా పిలిస్తే ఎట్లుంటాదో నేనెరగను. ఇట్లుంటాదేమో నాయనా."

దీపావళి దాటాక ఆళ్లగడ్డ హైస్కూలు నుంచి నాకు నంద్యాలకు బదిలీ అయినప్పుడు, భార్య పోయిన ఆ ఇంట్లోంచి బయటపడ్డందుకు లోపల్లోపల స్థిమితపడ్డాను. కానీ ఒంటరిగా వచ్చి ఏం చేయాలో తెలియలేదు. అప్పుడు అత్తమ్మ, పిలవకుండానే, పెట్టె తీసుకుని నా వెంట బస్సెక్కింది. "అల్లుడికి సంగటి కెలికేదానికి కూతురు బతికుండాల్నని యాడ రాసుండాది?" అని బంధువుల నోరు మూయించింది. బిడ్డలు లేరు మాకు. ఆ ఇంట్లో మేమిద్దరమే. శాంతమ్మ గురించి నాతో మాట్లాడే మనిషి ఆ ఊరు మొత్తానికి ఆమె ఒక్కతే.

శ్రమకాలం కాబట్టి రోజూ పొద్దుగూకే వేళకు ప్రార్థనకు గంట కొట్టేవారు. మొదటి సాయంత్రం ఆ రెండు కుక్కలే మిల్లు గేటు ముందు కూర్చుని మొరిగాయి. మరుసటి వారానికి సందు నిండిపోయింది. మార్కెట్ వైపు నుంచి కొన్ని, బస్టాండు వైపు నుంచి కొన్ని పరుగెత్తుకుంటూ వచ్చేవి. తాళం వేసిన గేటును చూసి మొరిగేవి, కాళ్లతో గీకేవి. ఆ తర్వాత వాటిలో వాటికే గొడవ. అది సద్దుమణిగాక ఏడుపు మొదలు. ఒకటి మూతి పైకెత్తి దీర్ఘం తీస్తే మిగిలినవి అందుకునేవి. మిల్లు గేటుకు ఎదురిల్లు మాది.

"మిల్లు కుక్కలు. మిల్లు పోయిందని ఏడుస్తాండాయి" అని సందులో అందరూ అన్నారు. నేనూ అదే అనుకున్నాను.

ఒంటిపూట బడులు మొదలయ్యాయి. మధ్యాహ్నమంతా ఇంట్లో ఉండి పరీక్ష పేపర్లు దిద్దేవాణ్ణి. ఎండ గోడ దిగే కొద్దీ నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. పేపర్లు పక్కన పెట్టి కర్ర తీసుకునేవాణ్ణి. కర్ర పెట్టేసి నీళ్ల బిందె తీసుకునేవాణ్ణి. నీళ్లు చల్లితే కుక్కలు పక్కింటి ముందుకు పోయి అక్కడ మొరిగేవి. పక్కింటాయన చల్లితే నా ముందుకు వచ్చేవి. వాటికి మా అందరి కంటే ఓపిక ఎక్కువ.

ఎదురు వరసలో సుబ్బరాయుడు ఉండేవాడు. నంద్యాల, ఆళ్లగడ్డ మధ్య తిరిగే బస్సులో కండక్టరు. తెల్లవారకముందే డ్యూటీకి పోవాలి. ఒక ఆదివారం ఆయన సీసాల బుట్టతో వచ్చాడు.

"నీలిమందు కలిపిన నీళ్లు సారూ. గడప ముందర పెడితే కుక్క ఆ చాయకే రాదంట."

"ఎవరు చెప్పినారు?"

"బస్సులో ఒకాయన."

"ఆయన ఇంటి ముందర కుక్కలు లేవా?"

"దిగిపోయినాడు, అడగల్య."

అన్ని గడపల ముందూ నీలం సీసాలు నిలబెట్టాం. చూడ్డానికి పండగలాగే ఉండింది. ఆ సాయంత్రం చెవి తెగిన నల్లకుక్క వచ్చి, సుబ్బరాయుడి సీసాను వాసన చూసి, కాలెత్తి పోసి, నింపాదిగా గేటు దగ్గరికి పోయింది. అత్తమ్మ నవ్వింది. ఆ నెలలో ఆమె నవ్వింది అదొక్కసారే.

ఎందుకంటే ఆమె నిద్రపోవడం మానేసింది. శాంతమ్మ పోయిన రాత్రి ఆళ్లగడ్డలో మా ఇంటి వెనక ఒక కుక్క ఏడ్చింది. కుక్క ఏడుపు చావు కబురని ఆమె నమ్మకం. బైబిలు వాక్యం చదువుకున్నదాన్ని, ఇట్లాంటివి నమ్మకూడదని తనే అనేది. అంటూనే చెవుల్లో దూది పెట్టుకునేది. చీకటి పడగానే తలుపు దబాలున వేసి, గొళ్లెం పెట్టి, చాలదన్నట్టు రోకలి తెచ్చి తలుపుకు ఆనించేది. తర్వాత గోడకు వీపు ఆనించి కూర్చునేది. నేను ఎప్పుడు లేచి చూసినా అట్లాగే ఉండేది. పొద్దున సంగటిలో ఉప్పు రెండుసార్లు పడేది. ఆమె కళ్ల కింద నలుపు చూస్తూ నేను తినేసేవాణ్ణి.

మట్టల ఆదివారం మధ్యాహ్నం, చర్చి నుంచి తెచ్చిన ఈతమట్టను గోడకు చెక్కుతూ, నా వైపు తిరగకుండానే అంది:

"నన్ను ఆళ్లగడ్డకు పంపియ్యి నాయనా."

"పండగకు ఎట్లాగూ పోతాండాం కదత్తా. సమాధికి సున్నం కొట్టాల గదా."

"పండగకు కాదు. ఇంగ అక్కడనే ఉండిపోతా."

"అక్కడ కుక్కలు లేవా?"

"ఉండాయి. అవి నాకు తెలిసిన కుక్కలు."

మట్టను సరిచేసి మళ్లీ అంది: "నీకేం కాదులే. హోటలు ఉండాది, బడి ఉండాది. శాంత పేరుకు గంట ఉండాది. దాన్ని ఇంటా ఉండు. నాకు గంట ఒకటే ఈ ఊర్లో కడుపు నింపింది. మిగతాదంతా ఆ ఏడుపే."

నిద్రలేని ముసలామెను ఏ మాట చెప్పి ఉంచుకోను?

ఆ సాయంత్రమే సుబ్బరాయుడు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. గడ్డం చేసుకోలేదు.

"మందు పెట్టే మనిషిని మాట్లాడినా సారూ. పక్క ఊరోడు. మాంసంలో పెట్టి ఏస్తే తెల్లారేసరికి సాఫీ."

"అన్నిటినీనా?"

"వచ్చినవాటినన్నీ."

"శ్రమకాలమప్పా. పండగ పోనీ."

"నాకేం సరదానా సారూ? నిన్న శిరివెళ్ల దగ్గర నిలబడినట్టే కునికినా. ముసలాయప్ప దిగేదానికి ముందరే రైట్ చెప్పేసినా. మెట్టు మీద కాలు జారి ఏలాడినాడు. పక్కనోడు పట్టుకున్నాడు కాబట్టి సరిపోయ." చేతులు మొహానికి రుద్దుకున్నాడు. "పండగ మరసనాడు సోమవారం. అంతకన్నా ఆగను."

నేను సరేననలేదు, వద్దనలేదు. ఆయన చెప్పింది అబద్ధం కాదు.

గురువారం సాయంత్రం ప్రభువు భోజనపు ఆరాధనకు ముందు దేవదానం అయ్యగారు ఒక గోనెసంచి తెచ్చి పట్టాకు చుట్టి, తాడుతో కట్టేశారు. మా చర్చిలో అదొక ఆచారం. శ్రమల గురువారం సాయంత్రం నుంచి ఈస్టరు తెల్లవారుజాము దాకా గంట మోగకూడదు. అయ్యగారే ఇంటింటికీ వచ్చి తలుపు తట్టి పిలుస్తారు.

ఆ సాయంత్రం కుక్కలు రాలేదు. ఎక్కడో పెళ్లి భోజనాలు ఉన్నాయేమో అనుకున్నాను. అత్తమ్మ మాత్రం రోకలి ఆనించి, అలవాటు ప్రకారం గోడకు కూర్చుంది.

శుక్రవారం మూడు గంటల ఆరాధన ముగించుకుని, ఉపవాసంతో డస్సిపోయి ఇల్లు చేరాం. అత్తమ్మ అరుగు మీద నులకమంచంలో కాళ్లు చాపుకుంది. నేను లోపలికి పోయి బెల్లంనీళ్లు కలుపుకొచ్చేసరికి ఆమె నిద్రపోతోంది. నోరు కాస్త తెరుచుకుని, ఒక చేయి మంచం కిందికి వేలాడుతూ. దీపాలు పెట్టే వేళ అయింది, దాటింది. గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. కదిలితే లేస్తుందేమోనని భయం.

సుబ్బరాయుడు తన గుమ్మంలోకి వచ్చాడు. సందు అటు చూశాడు, ఇటు చూశాడు. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు: "ఏంది సారూ, మందు పెట్టకముందే చచ్చినాయా?"

"తెలీదప్పా."

నిజంగానే తెలియదు, ఆ క్షణం దాకా. ఆయన పోయాక మిల్లు గేటు చూశాను. అక్కడ ఒక్క ప్రాణి లేదు. అక్కడి నుంచి నా చూపు చర్చి ముందరి వేపచెట్టు మీదికి పోయింది. గోనెసంచిలో పట్టా, తల వంచుకున్న మనిషిలా వేలాడుతోంది. బాలస్వామి తువ్వాలుతో దాన్ని తుడుస్తూ అన్న మాట గుర్తొచ్చింది. కూడు పెట్టింది అతనికొక్కడికే కాదు. పొద్దుగూకగానే పట్టా కొట్టి, గేటు లోపల కాపలా కుక్కలకు సంగటి వేయడం ఆ మిల్లు పద్ధతి అయి ఉంటుంది. మేం రోజూ కొడుతున్నాం. ఊరంతటా చెదిరిపోయిన కుక్కలు రోజూ వస్తున్నాయి. గేటు తెరుచుకోదు.

అత్తమ్మ పడుకున్న మంచం పక్కనే కూర్చున్నాను, లేచాను, మళ్లీ కూర్చున్నాను. పట్టా దించేస్తే సందుకు నిద్ర వస్తుంది. కుక్కలు బతుకుతాయి. ఆమె ఉండిపోతుందేమో కూడా. కానీ ఈ ఊళ్లో తన కూతురిది అని ఆమె చెవిని పడేది అదొక్కటే. దాన్ని దించమని ఎవరు చెప్పాలి, నేనేనా? ఆ రాత్రి ఊరంతా నిద్రపోయింది. నిశ్శబ్దంగా ఉన్నా నిద్రపట్టనివాణ్ణి నేనొక్కణ్ణే.

శనివారం పొద్దున బస్టాండుకు పోయాం. అత్తమ్మ తన పెట్టె తెచ్చుకుంది. సుబ్బరాయుడి బస్సే దొరికింది. ఆయన పెట్టె వైపు చూశాడు. కిటికీ పక్క సీట్లో కూర్చున్న కుర్రవాణ్ణి లేపి, "ఈడ కూర్చో పెద్దమ్మా, గాలి తగుల్తాది" అన్నాడు. ఆళ్లగడ్డ ఊరి మొదట్లో, స్టాపు కాని చోట, సమాధుల తోట ముందు విజిల్ వేసి బస్సు ఆపాడు. సున్నం బకెట్టు తనే కిందికి అందించాడు. సోమవారం మందు తెప్పిస్తానన్న మనిషీ ఆయనే.

శాంతమ్మ సమాధి చుట్టూ పెరిగిన గడ్డి పీకాను. అత్తమ్మ కుంచె ముంచి సున్నం పూస్తోంది. చుట్టూ సమాధుల దగ్గర మనుషులు, పలకరింపులు, సున్నం వాసన. చెప్పాల్సిన మాట నాలుక మీదికి వచ్చి పోతోంది. చివరికి గడ్డి పీకుతూనే చెప్పేశాను. గోనెసంచి కట్టిన సంగతి, కుక్కలు రాకపోవడం, బాలస్వామి మాట, అన్నీ.

"గంట దించేస్తామత్తా. అయ్యగారికి నేను చెప్తా. నువ్వు తిరిగి రా."

ఆమె కుంచె ఆగింది. సున్నం చుక్కలు ఆమె పాదం మీద పడుతున్నాయి.

"అంటే, ఆ పట్టా మోగితే కూడు పెడతారని వస్తాండాయా అవి?"

"అట్లనే అనిపిస్తాంది."

"రోజూనా?"

"రోజూ."

ఆమె సమాధి తలవైపు, పేరు చెక్కిన చోట, సున్నం అక్షరాల్లో పడకుండా వేలితో తుడిచింది.

"నా బిడ్డ పేరు మీద పిలుస్తాండాం. వచ్చినాంక నీళ్లు చల్లి తరుముతాండాం." కుంచె మళ్లీ ముంచింది. "శాంత తన ముద్ద ఎత్తి పెట్టేది గానీ, ఆకలన్నవాళ్లను ఊరక పంపిందా ఎప్పుడన్నా?"

అంతే. ఉంటుందో వస్తుందో నాకు అంతుబట్టలేదు.

ఈస్టరు తెల్లవారుజామున సమాధుల మధ్య కొవ్వొత్తులు వెలిగించి పాడాం. చీకట్లో తెల్లగా మెరుస్తున్న సమాధులు చూస్తుంటే, పోయిన ఏడాది శాంతమ్మ చోట మట్టికుప్ప ఉండిన సంగతి నమ్మబుద్ధి కాలేదు. మధ్యాహ్నం అత్తమ్మ చెల్లెలి ఇంట్లో కోడికూర తిన్నాక నా సంచి సర్దుకున్నాను. నడవాలో అత్తమ్మ పెట్టె కనబడలేదు. లోపల పెట్టేసుకుంది కాబోలు అనుకున్నాను. వీధిలోకి వచ్చేసరికి ఆమె అప్పటికే బయట నిలబడి ఉంది. కాళ్ల దగ్గర పెట్టె, చంకలో పెద్ద సత్తుగిన్నె. ఒకప్పుడు ఇంటినిండా జనం ఉన్న రోజుల్లో సంగటి కెలికిన గిన్నె అది.

"మనింటి చిన్నగిన్నెలో అన్ని నోళ్లకు యాడ సాలుతాది?" అంది. "బేగా నడువు, బస్సు పోతాది."

నంద్యాల చేరగానే దేవదానం అయ్యగారి దగ్గరికి పోయి సంగతి చెప్పాను. ఆయన పట్టా వైపు, మిల్లు గేటు వైపు మార్చి మార్చి చూశారు.

"నలభై దినాలు నేను గంట కొట్టినా, మన సంఘం సగం గూడ రాల్య. అవి మాత్రం ఒక్క పూట తప్పల్యా?" అన్నారు. "దించమంటావా, కొట్టమంటావా?"

"అత్తమ్మ కొట్టమంటాంది."

సుబ్బరాయుడికి కూడా చెప్పాను. ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని విన్నాడు.

"ఈరోజు సంగటి ఏస్తే రేపు వాటి బంధువులొస్తాయి సారూ. ఎల్లుండి వియ్యంకులొస్తారు."

"ఈ ఒక్క పూట చూడప్పా."

"చూస్తా. రేపు ఆ మందు మనిషి వచ్చేదైతే ఖాయం. వద్దనాలంటే ఈ పూట నా చెవులు వద్దనాల."

మాపటి ఆరాధనకు పట్టా మోగింది. మూడు సాయంత్రాలు మూగగా ఉన్నందుకేమో, మరీ గట్టిగా మోగినట్టు అనిపించింది. అత్తమ్మ సంగటి గిన్నె ఎత్తుకుని గుమ్మం దిగింది. ఎర్రకుక్క ముందుగా వచ్చింది, దాని వెనక నల్లది, ఆ వెనక తక్కినవన్నీ. గేటు ముందు గుంపు కట్టి, అలవాటు ప్రకారం తలలెత్తాయి. ఆమెను చూసి గుర్రుమన్నాయి. నేను కర్ర తీసుకోబోయాను.

"దాన్ని లోపల పెట్టు" అంది, వెనక్కి చూడకుండా.

ఆమె గిన్నె అంచుకు గాజు టకటకా తగులుతోంది. గోడ వెంబడి నడుస్తూ ముద్దకూ ముద్దకూ నడుమ ఎడం ఉండేట్టు పెట్టుకుంటూ పోయింది.

"ఎవరిది వాళ్లు తినండి. కొట్లాడినోళ్లకు రేపు ల్యా."

నల్లది ఎర్రదాని ముద్ద మీదికి పోయింది. ఒక్కసారి అరుపులు లేచాయి. సుబ్బరాయుడి గుమ్మంలో బీడీ నిప్పు కదిలింది. అత్తమ్మ ఇంకో ముద్ద తీసి నల్లదాని ముందు పెట్టింది, "తిండిపోతా" అంటూ. అరుపు ఆగింది. తర్వాత సందులో వినబడింది నాలుకల చప్పుడే.

తిన్నాక అవి కాసేపు గేటు వైపు చూశాయి, అక్కడి నుంచి ఎవరో రావాల్సి ఉన్నట్టు. తర్వాత ఒకటొకటిగా, వచ్చిన దారినే పోయాయి. మొరగలేదు. సందులో ఎవరి ఇంట్లోనో పసిపాప ఉందని, దానికి తల్లి జోలపాడుతుందని ఆ పూటే తెలిసింది నాకు.

సుబ్బరాయుడు చాలాసేపు నిలబడ్డాడు. బీడీ పారేసి అరుగు దాకా వచ్చాడు.

"రేపు ఆ మనిషిని రావద్దంటా. ఎల్లుండి సంగతి ఎల్లుండి" అన్నాడు. పోతూపోతూ ఆగి, "పెద్దమ్మా, డిపో క్యాంటీన్లో చద్ది మిగుల్తాది. కావాల్నంటే తెస్తా" అన్నాడు.

"పులిసినది తేవద్దు" అంది అత్తమ్మ.

నేను లాంతరు వత్తి తగ్గించాను. అత్తమ్మ గిన్నె కడిగి బోర్లించి, తలుపు వేయడానికి పోయింది. రోకలి మూల నిలబడి ఉంది. దాని వంక చూసింది కానీ తీయలేదు. గుమ్మం అవతల, మెట్టు మీద, ఎర్రకుక్క ముడుచుకుని పడుకుని ఉంది. అది ఎప్పుడు తిరిగి వచ్చిందో మేం చూడలేదు.

ఆ తలుపుకు కిర్రుమనే జబ్బుంది. అత్తమ్మ రెండు చేతులతో రెక్కను కొంచెం పైకెత్తి పట్టుకుని, చప్పుడు కాకుండా, మెల్లగా దగ్గరికి వేసింది.